ఏ ఊరి భయం ఆ ఊరి అభివృద్ధి

ముహర్రం నెలలో అయిదు రోజుల పాటు నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా పక్కన రొట్టెల పండుగ జరుగుతుంది. నెత్తిన కొంగు కప్పుకున్న ఆడవాళ్లు, రుమాలు చుట్టుకున్న మగవాళ్లు చెరువు నీళ్లలోకి దిగి, తమ చేతిలో ఉన్నది ఏ రొట్టెనో పైకి చెబుతూ నిలబడతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతింటి రొట్టె, ఇటీవలి కాలంలో విదేశీ రొట్టె. ఏది కావలసినవాళ్లు ఆ రొట్టెను వెతుక్కుంటూ వచ్చి చేతులు చాచి అందుకుంటారు. కోరిక తీరితే మరుసటి ఏడు అదే రొట్టెను ఇంట్లో చేసి తెచ్చి, అవే నీళ్లలో నిలబడి, అదే కోరిక ఉన్న మరొకరికి ఇవ్వాలి. హిందువులు, ముస్లింలు అన్న తేడా ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో కనిపించదు. బాగుపడటం అంటే ఒక ప్రాంతపు జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలంటే ఇంతకంటే సూటి జాబితా ఏ ప్రణాళికా పత్రంలోనూ దొరకదు. అయితే దీన్ని కాస్త పరీక్షగా చూస్తే ఇది కలిమి జాబితా కాదనీ, లేమి జాబితా అనీ అర్థమవుతుంది. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇల్లు ఆరోగ్యం రొట్టె కోసం వస్తుంది, అద్దె ఇళ్లు మారి మారి విసిగినవాళ్లు సొంతింటి రొట్టె కోసం వస్తారు.

మంచి సమాజం ఎటు ఎదగాలి అన్న ప్రశ్నకు ఒక్కో సంస్కృతి ఒక్కో జవాబు చెప్పుకోవడం వెనుక ఉన్నది కూడా ఇదే. ఆ జవాబులను ఆయా జాతుల స్వభావంగానో, మతంగానో, తత్త్వంగానో వివరించే అలవాటు బాగా ఉంది. తూర్పు దేశాలవాళ్లు సమష్టిని కోరుకుంటారనీ, పడమటివాళ్లు వ్యక్తిని కోరుకుంటారనీ చెప్పే వర్గీకరణ వినడానికి ఇంపుగానే ఉంటుంది గానీ దానితో తేలేది చాలా తక్కువ. ఏ సమాజం దేనికి భయపడిందో, ఏది పోగొట్టుకుందో చూస్తే ఆ సమాజం అభివృద్ధి అన్న మాటలో ఏం నింపుకుందో ఎక్కువ స్పష్టంగా తెలుస్తుంది. తెలుగు దీవెననే చూడవచ్చు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే నేల మీద పుట్టిన భాష కాబట్టి పెద్దలు పిల్లలను “చల్లగా ఉండండి” అని దీవిస్తారు. మంచు కురిసే దేశాల్లో వెచ్చదనం మంచితనానికి మారుపేరు. పాడిపంటలు, సుభిక్షం, నాలుగు వేళ్లూ నోట్లోకి పోవడం వంటి పాత మాటలన్నీ కరువు తెలిసిన నోళ్ల నుంచి వచ్చినవే. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పిచేసిన ధాత కరువు నెల్లూరు సీమనూ వదల్లేదు. బకింగ్‌హామ్ కాలువ పనుల్లో కొంత భాగం ఆ కరువు కూలితో తవ్వించినదే.

ప్రపంచమంతా ఇవాళ వాడుతున్న కొలతకూ ఇలాంటి పుట్టుకే ఉంది. 1929లో మొదలైన మహామాంద్యంలో అమెరికాలో కర్మాగారాలు మూతపడి కోటి మందికి పైగా వీధిన పడ్డప్పుడు, అసలు దేశంలో ఎంత ఉత్పత్తి జరుగుతోందో, ఎంత పడిపోయిందో చెప్పే లెక్క ప్రభుత్వం చేతిలో లేదు. ఆ లెక్కను తయారుచేసి 1934లో అమెరికా కాంగ్రెస్‌కు సమర్పించిన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్, జాతీయాదాయాన్ని బట్టి జాతి క్షేమాన్ని అంచనా వేయడం కుదరదని ఆ నివేదికలోనే హెచ్చరించాడు. హెచ్చరిక మరుగునపడింది, అంకె మిగిలింది. 1949 జనవరి 20న అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రమాణ స్వీకార ప్రసంగంలో ప్రపంచంలోని అధిక భాగాన్ని వెనుకబడిన ప్రాంతాలుగా పేర్కొన్నప్పటి నుంచి, ఒక దేశపు మాంద్యం భయంలోంచి పుట్టిన కొలబద్ద తక్కిన దేశాల ఎత్తును కొలవడానికి వాడుకలోకి వచ్చింది. 1990లో మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ వంటి ఆర్థికవేత్తల కృషితో వచ్చిన మానవాభివృద్ధి సూచిక ఆదాయానికి ఆయుర్దాయాన్నీ చదువునూ జోడించి కొంత మేలు చేసింది. అయినా ఏది లెక్కలోకి రావాలో నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఈ అంకెల కొలతలు లేని కాలంలో కూడా ఈ నేలకు తనవైన కొలతలు ఉండేవి. మహాభారతంలో నారదుడు ధర్మరాజు సభకు వచ్చి కుశలప్రశ్నల రూపంలో పరిపాలన పరీక్ష పెడతాడు. రాజ్యంలో అక్కడక్కడా పెద్ద చెరువులు తవ్వించావా, అవి నిండి ఉన్నాయా, సేద్యం వాన మీదే ఆధారపడి లేదు కదా, రైతులకు విత్తనాలకూ తిండికీ లోటు లేదు కదా, నూటికి ఒకటి చొప్పున తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నావా, గుడ్డివాళ్లనూ కుంటివాళ్లనూ దిక్కులేనివాళ్లనూ తండ్రిలా చూస్తున్నావా అని అడుగుతాడు. వాన మీద ఆధారపడిన సేద్యాన్ని చెప్పడానికి అక్కడ వాడిన మాట దేవమాతృక. దానికి ఎదురుగా నది నీళ్లతో పండే నేలను నదీమాతృక అంటారు. ఈ రెండు మాటలను మ్యాపు మీద చూడాలంటే పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాలను పక్కపక్కన పెడితే చాలు. సంగం, నెల్లూరు ఆనకట్టల కింద, కనుపూరు, సర్వేపల్లి కాలువల వెంట పెన్నా డెల్టా నదీమాతృక. వడ్లకు నెల్లు అన్న పేరు ఊరి పేరులోనే కనిపిస్తుంది, మొలగొలుకుల బియ్యం రుచి ఇప్పటికీ ముసలివాళ్ల మాటల్లో వినిపిస్తుంది. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం మెట్ట ప్రాంతం మాత్రం ఆకాశం వైపు చూసే నేల. అక్కడ భూమిలోంచి తోడిన నీళ్లూ మనిషికి మేలు చేయలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను పాడుచేసే ఫ్లోరోసిస్ వ్యాధిని భారతదేశంలో మొదటగా 1937లో గుర్తించింది, ఈ మెట్టలో చాలా భాగం కలిసి ఉన్న అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నలభై ఏళ్లకే నడుం వంగి, మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషికి అభివృద్ధి అంటే ఒక చెంబెడు మంచినీళ్లు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కొండల కింద రెండు సొరంగాలు తవ్వి కృష్ణా నీళ్లు తేవాలన్న ఆ పథకం ప్రతి ఎన్నికల్లో మళ్లీ ఎందుకు పుడుతుందో నదీమాతృకలో ఉన్నవాళ్లకు చప్పున అర్థం కాదు.

చెరువు తవ్వించడం కొడుకును కనడంతో సమానమని చెప్పిన సంస్కృతి ఇది. పుత్రుడు, చెరువు, గుడి, వనం, నిధి, అగ్రహారం, కృతి అనే సప్తసంతానాల్లో ఆరు మనిషి పోయాక కూడా నలుగురికి మిగిలేవి. ఉదయగిరి రాజ్యాన్ని ఏలిన విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో పోరుమామిళ్ల చెరువు కట్టించి వేయించిన శాసనం, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ ఉండకూడని ఆరు దోషాలనూ వివరిస్తుంది. కట్ట ఊటెక్కకూడదు, నేల చౌడు కాకూడదు, రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు పడకూడదు, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కాకూడదు, ఆయకట్టు చాలక నీళ్లు మిగిలిపోనూ కూడదు. రోజూ వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారనీ, రాళ్లు మోయడానికి వంద బండ్లు తిరిగాయనీ కూడా చెబుతుంది. గుండ్లకమ్మ మీద కొండల సందున కట్టిన కంభం చెరువును వరదరాజమ్మ కట్టించిందని స్థానికులు చెప్పుకుంటారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. తీరం వైపు వస్తే మోటుపల్లి ఉంది. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం చెబుతుంది. సముద్రం మీద సర్వస్వం ఒడ్డిన వ్యాపారి భయానికి ఒక రాజు ఇచ్చిన జవాబు అది.

ఈ వైభవాన్ని ఇక్కడితో ఆపి చెప్పే పద్ధతి ఒకటుంది. పాత చెరువులు, పాత ధర్మాలు, అంతా బాగుండేది అన్న ధోరణి అది. ఆ చెరువుల్లో నీళ్లు ఎవరు ముంచుకున్నారు, ఎవరు దూరంగా నిలబడ్డారు అని అడగగానే ఆ ధోరణి తడబడుతుంది. 1985 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగపల్లె వాళ్లు తాగే నీళ్ల చెరువులో ఊళ్లోని పెత్తందారీ కులం కుర్రాళ్లు గేదెల కుడితి బకెట్టు కడిగినందుకు పల్లెవాళ్లు అభ్యంతరం చెప్పడంతో గొడవ మొదలైంది. మరునాటి ఉదయం, జులై 17న, పల్లె మీద దాడి జరిగి ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. కారంచేడు పేద ఊరు కాదు. కాలువ నీళ్లు, కొత్త వంగడాలు, వాణిజ్య పంటలు తెచ్చిన డబ్బుతో ఆ రోజుల్లో అభివృద్ధికి ఉదాహరణగా చూపించదగిన ఊరు. ఊరు బాగుపడిన కొద్దీ పల్లెకు ప్రమాదం పెరగడం ఏ సగటు అంకెలోనూ కనపడలేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి దేశం అడుగుపెడుతోందని హెచ్చరించిన మాటకు కారంచేడు అక్షరాలా ఉదాహరణగా నిలిచింది. ఆ తర్వాత నడిచిన దళిత ఉద్యమం అభివృద్ధి అన్న మాటకు ఆత్మగౌరవం అన్న అర్థాన్ని జోడించింది. ఆ ఉద్యమ ఒత్తిడికి 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కూడా పాత్ర ఉంది. ఒకే ఊళ్లో, ఒకే భాషలో, ఒకే చెరువు గురించి రెండు సంస్కృతులు ఉంటాయన్న సంగతి దేశాల మధ్య తేడాలు చెప్పే గ్రంథాల్లో తరచుగా జారిపోతుంది.

చైనా తన లక్ష్యానికి పెట్టుకున్న పేరు షియావోకాంగ్. స్థూలంగా దాని అర్థం ఓ మోస్తరు కలిమి. ప్రాచీన ఆచార గ్రంథంలో ఇది రెండో రకం మంచి సమాజం. మొదటిది దాతోంగ్, అంటే లోకమంతా అందరిదీ అయి, ఎవరి పిల్లలనైనా తన పిల్లల్లా చూసుకునే స్థితి. ఆ స్థితి చెదిరిపోయాక ఎవరి ఇంటిని వారు చక్కబెట్టుకుంటూ, కట్టుబాట్ల నీడలో బతికే దశ షియావోకాంగ్. 1959 నుంచి 1961 దాకా కోట్ల ప్రాణాలు తీసిన కరువును, ఆ తర్వాత సాంస్కృతిక విప్లవపు అల్లకల్లోలాన్ని చూసిన దేశానికి 1979లో డెంగ్ షియావోపింగ్ ఈ మాటను తిరిగి తెచ్చి ఇచ్చాడు. పరమాదర్శం పేరుతో నాశనమైనవాళ్లకు ఓ మోస్తరు కలిమి అన్న మాట ఎంత హాయిగా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. 2021 జులై 1న షీ జిన్‌పింగ్ ఆ లక్ష్యం చేరామని ప్రకటించాడు. కలిమి వచ్చాక కూడా కట్టుబాట్ల గురించి ఎదురు మాట్లాడే చోటు మాత్రం పెరగలేదు. అల్లకల్లోలం భయంలోంచి పుట్టిన ఆదర్శం గొంతెత్తడాన్ని అల్లకల్లోలంగానే చూస్తుంది.

భూటాన్ గురించి చెప్పేటప్పుడు అందరూ ఆనందం దగ్గర మొదలుపెట్టి ఆనందం దగ్గరే ముగిస్తారు. 1970లలో రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్ స్థూల జాతీయ ఆనందం అన్న ఆలోచనను ముందుకు తెచ్చాడు. 2008 రాజ్యాంగం దానికి అవసరమైన పరిస్థితులను కల్పించడాన్ని ప్రభుత్వ బాధ్యతగా రాసింది, దేశ విస్తీర్ణంలో కనీసం 60 శాతం ఎప్పటికీ అడవిగానే ఉండాలని నిర్దేశించింది. ఆనందాన్ని తొమ్మిది రంగాలుగా విడదీసి కొలుస్తారు. కాలాన్ని ఎలా గడుపుతున్నారు, ఇరుగుపొరుగుతో ఎలా ఉన్నారు, సంస్కృతి ఎంత నిలిచింది అన్నవి కూడా వాటిలో ఉన్నాయి. ఇదంతా బౌద్ధపు ప్రశాంతతగా చిత్రించడం సులభం. కానీ రెండు మహాదేశాల మధ్య ఇరుక్కున్న చిన్న రాజ్యం, పక్కనే ఉన్న సిక్కిం 1975లో భారతదేశంలో కలిసిపోవడాన్ని కళ్లారా చూసిందన్న సంగతి మరవకూడదు. తమ ఉనికి కరిగిపోతుందేమో అన్న భయం సంస్కృతిని కాపాడుకోవడాన్ని ఆనందంలో భాగం చేసింది. ఆ భయమే 1990 ప్రాంతంలో నేపాలీ మాట్లాడే తమ దేశస్థులను లక్ష మంది దాకా శరణార్థి శిబిరాలకు తరిమింది. ఇటీవలి ఏళ్లలో భూటాన్ యువతీయువకులు చదువుకూ పనికీ పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియాకు వెళ్లిపోతున్నారు. వాళ్లు స్వర్ణాల చెరువుకు వస్తే ఏ రొట్టె అడుగుతారో చెప్పడానికి ప్రశ్నావళి అవసరం లేదు.

స్వీడన్‌ది మరో దారి. 19వ శతాబ్దం మధ్య నుంచి 1930 దాకా పది లక్షల మందికి పైగా పేదరికం తాళలేక ఓడలెక్కి వెళ్లిపోయిన దేశం అది. మంచి ఇంట్లో ముద్దుబిడ్డలూ సవతి బిడ్డలూ ఉండరని 1928లో సోషల్ డెమోక్రాట్ నాయకుడు పేర్ ఆల్బిన్ హాన్సన్ చెప్పిన ‘ప్రజల ఇల్లు’ ఆలోచన మీద వాళ్ల సంక్షేమ వ్యవస్థ నిలబడింది. అదే ఇల్లు 1930ల నుంచి 1975 దాకా సుమారు 63,000 మందికి కుటుంబానికి పనికిరారన్నట్టుగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించింది, వాటిలో వేలకొద్దీ బలవంతంగానో ఒత్తిడితోనో జరిగినవే. వర్ణవివక్షలో నలిగిన దక్షిణాఫ్రికా, మనిషి తోటి మనుషుల వల్లే మనిషి అవుతాడన్న ఉబుంటు భావనను 1993 తాత్కాలిక రాజ్యాంగంలోకి తెచ్చింది. 1995లో మరణశిక్షను రద్దు చేసిన తీర్పులో రాజ్యాంగ న్యాయమూర్తులు ఆ మాటను ఆధారం చేసుకున్నారు. ప్రతీకారం భయం పట్టి పీడిస్తున్న సమయంలో అది అవసరమైన మాట. ఆదాయాల అంతరంలో ఆ దేశం నేటికీ ప్రపంచంలో ముందు వరుసలోనే ఉంది.

వీటన్నిటికంటే లోతుగా చూడవలసినది దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల ఆలోచన. కిచువా భాషలో సుమక్ కావ్సాయ్ అంటే నిండైన బతుకు. ఎదుగుదల అన్న అర్థమే అందులో లేదు. ముందుకు సాగే గీత కాదది, నేలతో, నీటితో, ఇరుగుపొరుగుతో కుదురుగా ఉండే పొందిక. 1545 నుంచి నేటి బొలీవియాలోని పొతోసీ వెండి గనులు ఎందరు ఆదివాసులను మింగి ఐరోపాను సంపన్నం చేశాయో గుర్తున్న జనానికి, భూమిలోంచి తీసే సంపద తమ బాగుకు ఎన్నడూ పనికిరాలేదన్నది పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. 2008లో ఈక్వడార్ రాజ్యాంగం ఈ ఆలోచనను స్వీకరించి ప్రకృతికి హక్కులు ఉన్నాయని రాసుకుంది, మరుసటి ఏడు బొలీవియా తన రాజ్యాంగంలో ఇలాంటి మాటనే చేర్చింది. అయినా రెండు ప్రభుత్వాలూ చమురు, గ్యాస్ అమ్మకాల మీదే సంక్షేమ పథకాలు నడిపాయి. చివరికి 2023 ఆగస్టులో ఈక్వడార్ ఓటర్లు, యసునీ అడవిలోని ఒక చమురు క్షేత్రంలో తవ్వకం ఆపాలని సుమారు 59 శాతం ఓట్లతో తీర్పు ఇచ్చారు. రాజ్యాంగంలో రాసుకున్న మాటను నిలబెట్టడానికి దాన్ని రాసిన ప్రభుత్వాల మీదే జనం ఓటు వేయాల్సి రావడం ఈ కథలో అసలు పాఠం.

ఇక్కడ ఒక పక్కదారి పట్టక తప్పదు, ఎందుకంటే ఒకే ప్రాణిని రెండు సంస్కృతులు ఎలా చూస్తాయో దానికంటే బాగా చెప్పేది మరొకటి లేదు. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ చేరాక వాటికి నెలోర్ అన్న పేరు స్థిరపడింది. అంటే నెల్లూరే. ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఆ రక్తమే. 2023లో అక్కడ వేలంలో ఒక ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఎంత బరువు, ఎన్ని నెలల్లో, ఎంత మేతకు అన్నవే అక్కడి లెక్కలు. ప్రకాశం జిల్లాలో గిత్త విలువను కట్టేది బండలాగుడు పందెంలో నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగింది, మూపురం ఎలా నిలిచింది, కన్ను ఎలా చూసింది అన్నదాన్ని బట్టి. చదలవాడ క్షేత్రంలో ప్రభుత్వం జాతిని కాపాడుతోంది. ట్రాక్టరు వచ్చాక మామూలు రైతు కొట్టంలో మాత్రం గిత్తలు పలచబడ్డాయి, పందేలకు పెంచేవాళ్ల దగ్గర అవి హోదాగా మిగిలాయి. ఏ దేశం ఈ పశువును అభివృద్ధి చేసింది అన్న ప్రశ్నకు, ఏ దేశం దాన్ని ఎందుకు కోరుకుంది అని అడగకుండా జవాబు చెప్పడం కుదరదు.

భయాన్ని బట్టి బాగు అర్థమవుతుందన్న మాటకు నెల్లూరు జిల్లా ఇచ్చిన పెద్ద రుజువు కలిగిరి మండలం దూబగుంటది. 1991లో జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. అక్షరాస్యత శాతం పెంచడం ప్రభుత్వానికి ఒక లక్ష్యం, లెక్కకు వచ్చే అంకె. రాత్రిపూట లాంతరు వెలుగులో కూర్చున్న కూలి ఆడవాళ్ల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడు వల్ల కుప్పకూలిన ఒక కుటుంబం కథ. దాన్ని చదివినవాళ్లకు అక్షరాలకంటే ముందు తమ ఇల్లే కనిపించింది. అప్పటికి సారాయి రాష్ట్ర ఖజానాకు పెద్ద ఆదాయం. 1980లలో వారుణి వాహిని పథకంతో సారాయి ప్యాకెట్లలో ఊరూరికీ చేరింది, మంచినీళ్లు చేరని ఊళ్లకు కూడా చేరింది. మగవాళ్ల కూలి డబ్బు గడప దాటి లోపలికి రాకముందే సారా అంగట్లో ఖర్చయ్యేది, రాత్రి ఇంటికి చేరేది దెబ్బలే. దూబగుంట రోసమ్మ వంటి ఆడవాళ్లు ఊళ్లో సారా అంగడి మూయించారు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని దారికి అడ్డం కూర్చున్నారు. వాళ్లు చేసిన పని తర్వాతి వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. పాఠంలోంచి ఉద్యమం, ఉద్యమంలోంచి పాఠం పుట్టడం అరుదుగా జరిగే విషయం.

1992లో జిల్లాలో సారా వేలంపాటలు ఆడవాళ్లు అడ్డుకోవడంతో పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలై, 1997లో ఖజానా నిండుకుందన్న కారణంతో సడలిపోయింది. ఈ చివరి వాక్యంలో రెండు అభివృద్ధులు ఎదురుబొదురుగా నిలబడ్డాయి. ఒకదానికి ఆదాయం పడిపోతుందన్న భయం, మరొకదానికి రాత్రి తలుపు చప్పుడంటే భయం. మొదటిది రెండోదాన్ని ఆర్థికశాస్త్రం తెలియనితనంగా చూసింది. నిజానికి లెక్క తెలిసింది ఆడవాళ్లకే. సారా అంగట్లో పోయిన రూపాయిని వాళ్లు పొదుపు లక్ష్మి సంఘాల్లో రోజుకో రూపాయిగా మళ్లీ పోగుచేశారు. జిల్లాలో మొదలైన ఆ పొదుపు రాష్ట్రవ్యాప్త డ్వాక్రా ఉద్యమానికి బలమైన పునాదుల్లో ఒకటైంది. ఆ తర్వాత పొదుపు మెల్లగా అప్పుగా మారింది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు ప్రాణాల మీదకు తెస్తే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. సంఘ సమావేశాల్లో మాటలు ఊరి సంగతుల నుంచి వాయిదా తేదీల వైపు జరిగాయి.

తీరంలో భయం మరో రూపంలో ఉంటుంది. 1990లలో నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలు తవ్వినప్పుడు ఎగుమతి అంకెలు పెరిగాయి. తెల్లమచ్చ వ్యాధి వచ్చి గుంటలు ఖాళీ అయినప్పుడు, ఉప్పెక్కిన బావులు, పనికిరాని పొలాలు పక్క ఊళ్లకు మిగిలాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంతంలో రొయ్యల సాగును కట్టడి చేసింది, వెనామీ అనే విదేశీ రొయ్య రకం రాకతో సాగు మళ్లీ ఊపందుకుంది. మరో వైపు, పులికాట్ సరస్సు దక్షిణ కొసన మత్స్యకారులు పాడు అన్న పద్ధతిలో మంచి వేట చోట్లను వంతులవారీగా పంచుకుంటూ వచ్చారు. ఎవరికి ఎక్కువ దొరికింది అన్నదానికంటే ఎవరి వంతు తప్పలేదు అన్నది అక్కడ న్యాయం. అదే సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవి నుంచి యానాదులను తరలించాకే రాకెట్ కేంద్రం వెలిసింది. 1980 జులై 18న భారతదేశం సొంత రాకెట్‌తో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది అక్కడినుంచే. అడవిలో తేనె, గడ్డలు, మూలికలు, కయ్యల్లో చేపలు ఎక్కడ దొరుకుతాయో తెలిసిన మనుషులకు కేంద్రం అవతలి గట్టున ఇచ్చిన స్థలం పునరావాసం. దాన్ని అభివృద్ధి అనాలంటే వాళ్లకు తెలిసినదేదీ జ్ఞానం కాదని ముందుగా ఒప్పుకోవాలి.

వద్దనడం ఇక్కడ కొత్త కాదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఊళ్లు ఖాళీ చేసి, ఊరి బయట రామనగరం కట్టుకుని పదకొండు నెలలు గడిపారు. వీధి దీపాలు, పారిశుధ్యం చెడ్డవని వాళ్లు అనలేదు. అడగకుండా పెట్టి, లెక్క చెప్పకుండా వసూలు చేయడాన్ని కాదన్నారు. 2025లో ఉలవపాడు మండలం కరేడులో సోలార్ పరిశ్రమకు వేల ఎకరాలు సేకరించే ప్రతిపాదన వచ్చినప్పుడు గ్రామస్థులు జాతీయ రహదారి మీదకు వచ్చి కూర్చోవడంలోనూ ఆ పోలిక కనిపిస్తుంది. మామిడి, సపోటా కాసే ఉలవపాడు నేలకు ఎకరానికి ఇంత అని ధర కట్టవచ్చు. కౌలుకు చేసేవాడికి, తోటలో కాయలు కోసే కూలికి, ఒడ్డున వల ఆరేసుకునేవాడికి పట్టా ఉండదు కాబట్టి ఆ ధరలో వాళ్ల పేరు రాదు.

ప్రస్తుతం ఈ జిల్లాల్లో పెరుగుతున్న భయం ఏదో తెలుసుకోవాలంటే కావలి, కందుకూరు వైపు ఊళ్లలో ఉదయం పది గంటలకు నడిస్తే చాలు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, విదేశీ రొట్టె మూడూ పండిన ఇళ్లు అవి. మార్బుల్ పరిచిన రెండంతస్తుల ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు, వరండాలో సీసీ కెమెరా. అది దొంగల కోసం పెట్టింది కాదు. అమెరికాలో నిద్రపోయే ముందు కొడుకు ఒకసారి ఫోనులో అమ్మ లేచిందో లేదో చూసుకోవడానికి. మందులు తెచ్చేది పక్కింటి కుర్రాడు, ఆస్పత్రికి తీసుకెళ్లేది తెలిసిన ఆటో అతను, ఫ్రీజర్ పెట్టె అద్దెకు ఎక్కడ దొరుకుతుందో ఊరందరికీ తెలుసు. వృద్ధులు ఒంటరిగా చనిపోయి రోజుల తరబడి ఎవరికీ తెలియకపోవడం జపాన్‌ను కలవరపెట్టింది. 2000 ఏప్రిల్ నుంచి ఆ దేశం నలభై ఏళ్లు దాటిన ప్రతివారి దగ్గరా రుసుము వసూలు చేసి, వృద్ధుల ఇంటికే సాయం పంపే దీర్ఘకాల సంరక్షణ బీమాను నడుపుతోంది. కొడుకు, కోడలు చూసుకుంటారన్న పాత నమ్మకాన్ని చట్టం ద్వారా పక్కన పెట్టడం జపాన్‌కు తేలిక కాలేదు. ఇక్కడ ఆ పని ఇంకా పక్కింటి కుర్రాడి మీదే ఉంది, వాడు కూడా పాస్‌పోర్టుకు అర్జీ పెట్టుకున్నాడు.